మన కొత్త ఇంటి గురించి, ఒక మెక్సికో ఆర్కిటెక్ట్ గురించి

గ్వాదలహారా, మెక్సికో

నాన్నగారికి నమస్కారాలు.

నేను క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయని వదిన చెప్పింది, మనసు కుదుటపడింది.

అన్నయ్య పంపిన కొత్త ఇంటి బొమ్మ చేరింది. కంప్యూటర్‌లో గీయించిన ఆ రంగుల బొమ్మలో మన స్థలాన్ని నేను గుర్తుపట్టలేకపోయాను. వేపచెట్టు కనబడలేదు, పక్కింటివాళ్ల ప్రహరీ కనబడలేదు. గాజు రెయిలింగు బాల్కనీ ఉంది, దాని కింద ఎవరిదో ఎర్ర కారు ఉంది. అమ్మ ఎక్కడ కూర్చుని కూరగాయలు తరుగుతుందో, మధ్యాహ్నం భోజనం అయ్యాక మీరు ఎక్కడ నడుం వాలుస్తారో ఎంత వెతికినా తెలియలేదు. డిజైనరుకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ ఉత్తరం ఇంట్లో అందరూ కలిసి చదవండి. ఫోనులో నేను ఇక్కడి ఆర్కిటెక్ట్ తతియానా బిల్బావో పేరు చెప్పినప్పుడు అన్నయ్య ‘తర్వాత మాట్లాడదాం’ అన్నాడు. మీరు మాత్రం ‘ఎవరామె? ఏం కట్టింది?’ అని అడిగారు. జీవితమంతా తాపీ పట్టిన మనిషి అడగవలసిన ప్రశ్న అది. దానికి ఫోనులో జవాబు కుదరదు కాబట్టి తీరికగా రాస్తున్నాను.

తతియానా బిల్బావో 1972లో మెక్సికో నగరంలో పుట్టింది. తాత తోమాస్ బిల్బావో స్పెయిన్‌లో ఆర్కిటెక్ట్. అక్కడి రిపబ్లిక్ ప్రభుత్వం చివరి రోజుల్లో మంత్రిగా పనిచేశాడు. అంతర్యుద్ధంలో ఆ ప్రభుత్వం ఓడిపోయాక దేశం విడిచి మెక్సికో చేరాడు. అప్పట్లో స్పెయిన్ నుంచి వచ్చిన శరణార్థులను ఈ దేశం వేలాదిగా ఆదరించింది. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల ఇబెరోఅమెరికానా విశ్వవిద్యాలయంలో చదివి 1996లో పట్టా పుచ్చుకుంది. 1998, 99లలో మెక్సికో నగర ప్రభుత్వంలో గృహనిర్మాణం, పట్టణాభివృద్ధి చూసే శాఖకు సలహాదారుగా పనిచేసింది. అక్కడ ఉన్నది కొద్దికాలమే. అయినా ఆమె తర్వాత చేసిన పనులు చూస్తుంటే, పేదవాళ్ల ఇళ్లు కాగితాల మీద ఎలా నిర్ణయమవుతాయో ఆ వయసులోనే దగ్గరగా చూడడం ఆమెకు చాలా ఉపయోగపడిందని నాకు అనిపిస్తుంది. 1999లో ఫెర్నాండో రొమేరో అనే మరో ఆర్కిటెక్ట్‌తో కలిసి ఒక సంస్థ పెట్టింది. 2004లో సొంత కార్యాలయం తెరిచింది. చైనాలోని జిన్హువాలో కళాకారుడు ఆయ్ వేవే తలపెట్టిన పార్కులో ఒక చిన్న ప్రదర్శనశాల కట్టడంతో ఆమె పేరు దేశం దాటింది.

మెక్సికోలోని కూలియకాన్ నగరంలో వృక్షోద్యానం పని కూడా ఆ కాలంలోనే మొదలైంది. తోటలో దారులు ఎలా వేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆమె బృందం అక్కడి ఒక పెద్ద చెట్టు కొమ్మలు ఎలా చీలుతూ పోయాయో చూసి, ఆ గీతలనే పటం మీద దారులుగా పరిచింది. ఆ దారుల మధ్యలో చిన్న చిన్న కట్టడాలు, కళాఖండాలు వచ్చాయి. ఒకేసారి కట్టి రిబ్బను కత్తిరించే పని కాదది. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది.

ఇక నేను కళ్లారా చూసిన దాని గురించి చెబుతాను. మేమున్న హాలిస్కో రాష్ట్రంలో తాల్పా అనే కొండల ఊరు ఉంది. అక్కడి మేరీమాత దర్శనానికి ఏటా సుమారు 20 లక్షల మంది వెళతారని చెబుతారు. ఈస్టర్‌కు ముందు రోజుల్లో రద్దీ మరీ ఎక్కువ. అమేకా నుంచి తాల్పా దాకా 117 కిలోమీటర్ల కొండదారిలో చాలామంది కాలినడకనే పోతారు. మొక్కు తీర్చుకోవడానికి అమ్మ అలిపిరి మెట్లు ఎక్కినట్టే, వీళ్లూ పిల్లలకు జబ్బు నయమైందనో, ఉద్యోగం దొరికిందనో, చనిపోయిన భర్త తీర్చలేకపోయిన మొక్కు మిగిలిపోయిందనో నడుస్తారు. ఈ దారిలో నీడ తక్కువ, నీళ్లు తక్కువ, రాత్రి తలదాచుకోవడానికి చోటు తక్కువ. 2008 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం ఈ దారిని బాగుచేయాలనుకున్నప్పుడు బిల్బావో, దెరెక్ దెల్లెకాంప్ అనే మరో ఆర్కిటెక్ట్ ఆ ప్రణాళికకు బాధ్యత వహించారు. పేరంతా తామే తీసుకోకుండా చిలీ, స్విట్జర్లాండ్, చైనా నుంచి కూడా ఆర్కిటెక్టులను పిలిచి, దారి పొడవునా తలా ఒక చోటు అప్పగించారు. ఒకరు కొండ అంచున నిలబడి లోయను చూసే చోటు కట్టారు, మరొకరు యాత్రికులు పడుకునే వసతి కట్టారు. ఇంకొకరు అడవిలో వాలు నేల మీద తెల్లని కాంక్రీటు వలయాన్ని పరిచారు.

మా ఆఫీసులో పనిచేసే ఒకామె కుటుంబంతో కలిసి నేను అమేకా దాకా వెళ్లాను. యాత్ర మొదలయ్యే ఆ ప్రాంతంలో బిల్బావో, దెల్లెకాంప్ కలిసి కట్టిన కృతజ్ఞతా ప్రార్థనాస్థలం ఉంది. నాలుగు చాలా ఎత్తైన తెల్లని గోడలు, అంతే. పైకప్పు లేదు, తలుపు లేదు. గోడలు ఒకదాన్నొకటి మూసుకోకుండా ఎడంగా నిలబడ్డాయి, ఎటునుంచైనా లోపలికి రావచ్చు. దూరాన పొలాల్లోంచి వచ్చేవాళ్లకు ముందు ఆ తెలుపు కనిపిస్తుంది. మీరైతే దగ్గరకు వెళ్లి అంత ఎత్తు గోడను ఎలా నిలబెట్టారో, సెంట్రింగు ఎలా కట్టారో ముందు చూసేవారు. నేను మనుషులను చూస్తూ ఉండిపోయాను. ఒక ముసలాయన సంచి దించి గోడనీడన కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు. పిల్లలు గోడల మధ్య పరుగులు తీశారు. ఒకావిడ గోడకు నుదురు ఆనించి ఏదో చెప్పుకుంది. ఇక్కడ ఇదే చెయ్యాలి అని ఆ కట్టడం ఎవరికీ చెప్పలేదు. నాకు అది చాలా నచ్చింది నాన్నగారూ.

మీరు మరింత శ్రద్ధగా వినవలసింది ఆమె కట్టిన చవక ఇంటి కథ.

మెక్సికోలో కార్మికుల ఇళ్ల కోసం 1972 నుంచి ఇన్ఫోనావిత్ అనే నిధి ఉంది. ప్రతి ఉద్యోగి జీతం మీద 5 శాతం యజమాని అందులో కట్టాలి. ఆ డబ్బులోంచి గృహరుణాలు ఇస్తారు. మంచి ఆలోచనే. కానీ 2000 తర్వాత ఈ రుణాల అండతో బిల్డర్లు ఊళ్లకు చాలా దూరంలో, చవకగా దొరికిన పొలాల్లో, అన్నీ ఒకే అచ్చులో పోసిన చిన్న ఇళ్లను వేలకు వేలు కట్టి అమ్మారు. పనికి పోయి రావడానికే గంటలు పట్టేది, బస్సు చార్జీలు జీతం తినేసేవి, బడి లేదు, నీళ్లు సరిగా రావు. జనం తాళం వేసి వెళ్లిపోయారు. వలసలు, హింస వంటి వేరే కారణాలు కూడా కలిసి, 2010 జనగణన నాటికి దేశంలో దాదాపు 50 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి. ఇల్లు లేనివాళ్లు లక్షల్లో ఉన్న దేశంలో అన్ని ఇళ్లు ఖాళీగా ఉండడం తలుచుకుంటే కడుపు మండుతుంది.

బిల్బావో బృందం ఇల్లు గీసే ముందు, అలాంటి ఇళ్లలో ఉండబోయేవాళ్ల దగ్గరకు వెళ్లి మాట్లాడింది. ఇల్లు అంటే మీకు ఏం కావాలని అడిగింది. జవాబుల్లో ఒకటి ఆర్కిటెక్టుల అంచనాకు అడ్డం తిరిగింది. అంతకుముందు చిలీలో అలెహాంద్రో అరవేనా అనే ఆర్కిటెక్ట్ సగం ఇల్లు కట్టి ఇచ్చి మిగతా సగం కుటుంబమే నెమ్మదిగా కట్టుకునే పద్ధతి తెచ్చాడు. దానికి ప్రపంచమంతటా మంచి పేరు వచ్చింది. అయితే ఇక్కడి జనం తమ ఇల్లు సగం కట్టి వదిలేసినట్టు కనబడకూడదన్నారు. పిల్లర్ల మీద ఊచలు పైకి పొడుచుకుని ఉన్న ఇళ్లు ఈ దేశంలో ఏ వీధిలో చూసినా కనిపిస్తాయి. మన డాబా మీద పై అంతస్తు కోసం మీరు వదిలిన ఊచల్లాంటివే. అవి తుప్పుపడుతూ ఏళ్లకేళ్లు అలాగే ఉండిపోతాయి. ‘పెరగడానికి వీలుండాలి, కానీ మొదటి రోజు నుంచే చూడ్డానికి పూర్తి ఇల్లులా ఉండాలి’ అన్నది వాళ్ల కోరిక సారాంశం. డబ్బు లేనివాడికి కూడా తన ఇల్లు వీధిలో తలెత్తుకుని నిలబడాలని ఉంటుంది కదా.

ఆమె గీసిన ఇంట్లో మధ్య భాగం కాంక్రీటు దిమ్మెలతో గట్టిగా కట్టినది. పైన రెండువైపులా వాలిన కప్పు, చిన్నపిల్లలు ఇంటి బొమ్మ గీస్తే వేసే ఆకారం. దాని చుట్టూ సరుకు రవాణాకు వాడే చెక్క పలకలలాంటి తేలికపాటి వస్తువులతో గదులు చేర్చుకోవచ్చు. చేతిలో డబ్బు ఆడినప్పుడు వాటి స్థానంలో గట్టి గోడలు కట్టుకోవచ్చు. ప్రతి దశలోనూ ఇల్లు ఇల్లులాగే కనిపిస్తుంది. అప్పటి ప్రభుత్వ నిబంధన ప్రకారం కనీస వైశాల్యం 43 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 460 చదరపు అడుగులు. ఆమె ఇల్లు అంతకంటే పెద్దది. ఖర్చు అప్పట్లో సుమారు 8,000 డాలర్ల నుంచి మొదలు. 2015లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ వాస్తుకళా ప్రదర్శనలో ఈ ఇంటిని నిజమైన కొలతలతో నిలబెట్టి చూపించారు. అదే సంవత్సరం మే నెలలో సుడిగాలికి దెబ్బతిన్న ఆకూన్యా అనే సరిహద్దు పట్టణంలోనూ, దక్షిణాన చియాపాస్‌లోనూ ఈ పద్ధతిలో ఇళ్లు కట్టారు.

ఈ ఒక్క నమూనాతో మెక్సికో ఇళ్ల సమస్య తీరిపోయిందని మీకు చెప్పను. అది లక్షల్లో కట్టిన ఇల్లు కాదు. ఆమె కార్యాలయం మోంతెర్రే నగరంలో కొండమీద ధనవంతుల ఇల్లు కూడా కట్టింది, జర్మనీలో కొద్దిమంది సన్యాసుల కోసం ఒక మఠం పని చేపట్టింది. 2023లో తెరిచిన మజత్లాన్ అక్వేరియం చాలా పెద్దది. సముద్రం లోపలికి వచ్చి ఆక్రమించిన పాత శిథిలంలా దాన్ని ఊహించింది. ఫోటోల్లో ఆ కాంక్రీటు గోడలు నాకు కాస్త బరువుగా అనిపించాయి, దగ్గరగా చూస్తే వేరుగా ఉంటుందేమో. బెర్లిన్ కళా పురస్కారం (2012), సుస్థిర వాస్తుకళకు ఇచ్చే అంతర్జాతీయ పురస్కారం (2014), అమెరికా విశ్వవిద్యాలయాల్లో పాఠాలు, ఇవన్నీ ఉన్నాయి. వాటన్నిటికంటే ఆమె పని పద్ధతిలోని ఒక నియమమే నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది.

ఆమె కార్యాలయంలో కంప్యూటర్‌తో ఫోటోలా కనబడేలా చేసే రంగుల బొమ్మలు వాడరు. చేత్తో గీస్తారు, అట్టతో చెక్కతో నమూనాలు చేస్తారు, కాగితం ముక్కలూ ఫోటోలూ కత్తిరించి అతికిస్తారు. ఆమె వాదన సూటిగా ఉంటుంది. నిగనిగలాడే బొమ్మను చూడగానే అంతా ఖాయమైపోయిందని అందరూ అనుకుంటారు, ఇక ఎవరూ ప్రశ్న వేయరు. అతుకుల బొమ్మ చూస్తే ఇంకా మాట్లాడవచ్చు, మార్చవచ్చు అనిపిస్తుంది, ఇంట్లో ఉండబోయే మనిషి నోరు తెరుస్తాడు. ఈమధ్య ఆమె వంట, బట్టలు ఉతకడం, పిల్లలను, పెద్దలను చూసుకోవడం గురించి కూడా గట్టిగా మాట్లాడుతోంది. ఆ పనులన్నీ ఒక్క మనిషి నాలుగు గోడల మధ్య ఒంటరిగా చేసేలా ఇళ్లు గీయడం ఎందుకని అడుగుతోంది. అన్నయ్య పంపిన బొమ్మలో వంటగది ఇంటికి వెనక మూల, ఒకే చిన్న కిటికీతో ఉంది. హాల్లో అందరూ మాట్లాడుకుంటుంటే అమ్మా, వదినా అక్కడ ఉక్కలో నిలబడి ఉంటారు.

అన్నయ్య మీద నాకు కోపం లేదు. మీరు సుఖంగా ఉండాలనే వాడి తాపత్రయమంతా. కానీ ఊళ్లో ఇన్ని ఇళ్లు కట్టిన మిమ్మల్ని పక్కన పెట్టి మన ఇంటి బొమ్మ గీయించడం నాకు సహించలేదు. మీరు మేస్త్రీగా ఉన్నప్పుడు పునాది ముగ్గు పోసే ముందు ఆ ఇంటి ఆడవాళ్లను పిలిచి, పొయ్యి ఎటు, నీళ్ల బిందె ఎటు, గిన్నెలు కడిగేది ఎక్కడ అని అడిగేవారు. చిన్నప్పుడు మీ వెంట వచ్చి నేను విన్నాను. అది మీకు ఎవరూ నేర్పలేదు, మీ పనికి ఎవరూ పురస్కారం ఇవ్వలేదు. బిల్బావో గురించి చదువుతున్నంతసేపూ మీరే గుర్తొచ్చారు.

కాబట్టి నా మాట వినండి. సుద్దముక్క తీసుకుని మన స్థలంలోనే నేల మీద గదులు గీయండి. అమ్మను అందులో నడవమనండి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి పడకగది పై అంతస్తులో పెట్టారు, అది కిందికి రావాలి. వదిన కుట్టుమిషను ఎక్కడ పెడుతుందో ఆమెనే అడగండి, ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు. వేపచెట్టు కొట్టకుండా గోడ కాస్త పక్కకు జరపగలమేమో చూడండి. అంతా ఒకేసారి కట్టనక్కరలేదు. ముందు కింది భాగం పూర్తిగా, పైపూతతో, రంగుతో సహా ముగించి, పైన ఎప్పుడు కడతామన్నది పిల్లల చదువులు చూసుకుని ఆలోచిద్దాం. నేను పంపే డబ్బు దాని కోసమే, గాజు రెయిలింగు కోసం కాదు.

గదుల కొలతలు అడుగుల్లో రాసి, గీసిన నేల ఫోటో తీసి అన్నయ్య ఫోను నుంచి పంపండి. ఇక్కడ మా ఇంటికి దగ్గర్లో ఉండే ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థిని అట్టతో నమూనా చేసి పెడతానంది. అది పూర్తవగానే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి పంపుతాను. డిజైనరుకు అడ్వాన్సు అప్పటిదాకా ఆపమని అన్నయ్యకు మీరే చెప్పండి, మీ మాట వాడు కాదనడు.

అమ్మకు, అన్నయ్యకు, వదినకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

మీ చిన్నమ్మాయి