డ్రిల్లు పిరియడ్‌కి ఒక తాడు: విశాఖ డీఈఓ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విశాఖపట్నం జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారం. నేను ఈ నగరంలో ప్రాథమిక పాఠశాలల్లో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతులకి అన్ని సబ్జెక్టులూ చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కంచరపాలెంలో మా ఇంటి దగ్గరి బడికి వారానికి రెండు రోజులు వెళ్ళి పిల్లల చేత తాడాట ఆడిస్తున్నాను. స్కిప్పింగ్ అంటే వాళ్ళకి ఇంకా తొందరగా తెలుస్తుంది. 1 నుంచి 5 తరగతుల పిల్లలకి ఆ తాడు ఇప్పించమనీ, దానితో పాటు ఎవరూ లాక్కోని పిరియడ్ ఒకటి ఇప్పించమనీ అడగడానికే ఈ ఉత్తరం.

మన బడుల ఆవరణలు మీకు తెలియనివి కావు. కొండవాలు వీధుల్లో మెట్లెక్కి వెళ్తే గేటుకీ వరండాకీ మధ్య నాలుగు బారల సిమెంటు నేల ఉంటుంది. అక్కడ కబడ్డీ ఆడిస్తే మోకాళ్ళు చీరుకుపోతాయి. బంతి ఇస్తే గోడ దాటి కింది వీధిలో పడుతుంది. రెండున్నర బారల తాడు మాత్రం ఆ జాగాలో హాయిగా తిరుగుతుంది. వాన పడితే వరండాలో చిన్న తాళ్ళతో ఆడించవచ్చు.

విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులో వ్యాయామ విద్యకి పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలన్నది 6 నుంచి 8 తరగతులకే, అదీ 100 మందికి పైగా పిల్లలున్న చోట. చిన్న తరగతులకి ఆ మాట లేదు. ఆటసామాను మాత్రం ప్రతి తరగతికీ ఇవ్వాలని అదే షెడ్యూలు చెబుతోంది. అంటే అయిదో తరగతి దాకా సామాను వచ్చినా ఆడించాల్సింది తెలుగూ లెక్కలూ చెప్పే టీచరే. ఆ టీచరుకి ఆటలు నేర్పింది ఎవరు? సర్వీసులో ఉండగా నేనూ డ్రిల్లు పిరియడ్‌ని ఎన్నోసార్లు లెక్కలకి వాడేశాను. సిలబస్ అవదేమోనని భయం. ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్లలకి అన్యాయం చేశాననే అనిపిస్తుంది. నేను పనిచేసిన ఒక బడిలో ఆటసామాను సంచి ఏళ్ళ తరబడి బీరువాలోనే ఉండిపోయింది. పోతే లెక్క చెప్పాలి కదా అని తాళం తీసేవారు కాదు. చివరికి తీసేసరికి స్కిప్పింగ్ తాళ్ళ ప్లాస్టిక్ పెళుసెక్కి, చేత్తో వంచితే విరిగింది.

ఆడించడం కష్టమేమీ కాదు, వరస తెలియాలి అంతే. చాలామంది చేసే పొరపాటు ఒకటో తరగతి పిల్ల చేతికి చిన్న తాడిచ్చి దూకమనడం. ఆరేళ్ళ పిల్లకి మణికట్టు తిప్పడం, అదే లయలో గెంతడం రెండూ ఒకేసారి కుదరవు. నాలుగుసార్లు కాలికి తగులుకుంటే తాడు పారేసి గోడవారగా కూర్చుంటుంది. అందుకే ముందు పెద్ద తాడు. తిప్పేవాళ్ళు తిప్పుతారు, పిల్ల గెంతితే చాలు. మొదటి రోజు తాడు నేల మీద పరిచి అటూ ఇటూ గెంతించాలి. తరవాత ఇద్దరు కూర్చుని తాడుని నేల మీద ఆడిస్తే అల వచ్చినట్టు వస్తుంది. బీచ్‌లో అలల మీద గెంతిన పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. ఆ తరవాత తలమీదికి తిప్పకుండా ఉయ్యాలలా ఊపడం. పూర్తిగా తిప్పడం ఆ పైన. ఆఖరుది తిరిగే తాడులోకి పరిగెత్తడం. తాడు పైనుంచి తన వైపుకి దిగి, నేలకి తగిలి టప్ మన్న క్షణాన దాని వెనకే లోపలికి పోవాలి. ఆ చప్పుడు వినడం పట్టుబడిన రోజు పిల్లల మొహాలు చూడాలి, సార్. ఎక్కాలు నోటికి రాని మూడో తరగతి పిల్లాడు తాడులో ఉండి ‘రెండొకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు’ అని గెంతుకో మాట చొప్పున చెప్పుకుపోతాడు. ఏడుగురు పిల్లలకి ఏడు వారాల పేర్లు పెట్టి, పిలిచిన వారం లోపలికి దూకే ఆట వాళ్ళకి మహా ఇష్టం.

నేను ఒక్క విషయంలో పట్టుబడతాను. తగిలితే ‘అవుట్’ అనకూడదు. అవుట్ చేస్తే బాగా వచ్చిన పిల్ల పిరియడంతా ఆడుతుంది, రానివాడు చూస్తూ నిలబడతాడు. సాధన ఎక్కువ కావలసింది ఎవరికి? నా దగ్గర తగిలినవాళ్ళు వరసలో చివరికి వెళ్ళి మళ్ళీ వస్తారు. తాడు తిప్పడం శిక్షగా కాక వంతుగా వస్తుంది. కాలు సరిగా లేని ఒక పిల్లాడు మా బడిలో అందరికన్నా నిలకడగా తాడు తిప్పుతాడు. పిల్లలు వాడి పక్క నుంచే లోపలికి దూకుతామంటారు.

చిన్న తాళ్ళకి వచ్చేసరికి కొలత చూడాలి. తాడు మధ్యలో కాలు వేసి నిలబడితే రెండు కొసలూ చంకల దాకా రావాలి. తాడు కింద నుంచి పోయేటంత, ఒకటి రెండు అంగుళాలు లేస్తే చాలు. మునివేళ్ళ వైపు దిగాలి, మోకాళ్ళు కాస్త వంగాలి. ప్రభుత్వం ఇచ్చే బడి కిట్టులో వచ్చిన బూట్లు వేసుకునే ఆడాలి. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే ఆడించకూడదు. తాడు కొస నడుముకో చేతికో కట్టనివ్వకూడదు. ఆయాసం, గుండె జబ్బు ఉన్న పిల్లలెవరో టీచరుకి ముందే తెలిసి ఉండాలి.

ఇది ఆడపిల్లల ఆట అని నాలుగో తరగతి మగపిల్లలు మొదట రారు. బాక్సర్లు కాళ్ళ చురుకుకి తాడే దూకుతారని చెప్పాక వచ్చారు, ఇప్పుడు వదలరు.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాల కదలిక ఉండాలనీ, ఎముకలూ కండలూ గట్టిపడే ఆటలు వారానికి కనీసం 3 రోజులు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గెంతడం ఎముకకి మంచి పని. చైనాలో ప్రాథమిక బడి పిల్లల దేహదారుఢ్య పరీక్షలో నిమిషం పాటు తాడు దూకడం ఉంది. నేను అలాంటి పరీక్ష అడగడం లేదు. మార్కులు పెడితే మళ్ళీ గోడవార కూర్చునేవాళ్ళు తయారవుతారు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో ఆసియా 100 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచింది. ఆమెలోని సత్తాని మొదట గుర్తించింది బడిలో వ్యాయామం నేర్పేవారే. చిన్న తరగతుల్లో అలా చూసే కన్ను లేదు.

బడులకి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో ప్రాథమిక పాఠశాలకి ఆటసామానుకి ఏడాదికి 5,000 రూపాయల వరకు ఇచ్చే వీలుంది. అందులోంచి ప్రతి బడికీ 15 అడుగుల పెద్ద తాళ్ళు రెండు, తరగతికి సరిపడా చిన్న తాళ్ళు కొనమని చెప్పండి. పెద్ద తాడు చిటికెనవేలంత లావుండాలి. సన్నని నైలాను గాలికి లేచిపోతుంది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక పూట దగ్గరి హైస్కూలు వ్యాయామ ఉపాధ్యాయులు (పీఈటీ) గారి చేత టీచర్లకి ఈ వరస నేర్పించండి, వాళ్ళ చేత కూడా తాడు తిప్పించండి. డ్రిల్లు పిరియడ్‌ని వేరే సబ్జెక్టుకి వాడకూడదని ఉత్తర్వు ఇవ్వండి. ఒంటిపూట బడులు మొదలయ్యాక ఎండ ముదరకముందే, మొదటి పిరియడ్‌లోనే దాన్ని పెట్టించండి. తాళ్ళు బీరువాలో కాకుండా వరండా మేకుకి వేలాడాలని కూడా అందులో ఒక ముక్క రాయించండి.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక ఎస్జీటీ,
కంచరపాలెం, విశాఖపట్నం