పెద్ద అంకె పెడితే మంచి బొమ్మ వస్తుందా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో, ఇంట్లో టీవీకి గేమ్ కన్సోల్ తగిలించుకునేవాళ్లకు సలహాలంటూ అరపేజీ వేశారు. రిజల్యూషన్ దగ్గరికి, అంటే బొమ్మలో ఎన్ని పిక్సెళ్లు (చుక్కలు) అన్న లెక్క దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాటతో సరిపెట్టారు. సెట్టింగుల్లో కనిపించే వాటిలో అన్నిటికంటే పెద్ద అంకె పెట్టుకోమన్నారు. చిత్తూరు మిట్టూరులో నాది టీవీ రిపేరు షాపు. పిక్చర్ ట్యూబుల కాలం నుంచీ ఇదే పని. ఆ సలహా పాటించినవాళ్లు చివరికి నాలాంటివాడి దగ్గరికే రావాలి కాబట్టి నాకు నష్టమేమీ లేదు. అయినా అచ్చులో వచ్చిన మాటను జనం నమ్ముతారు, అందుకని రాస్తున్నాను.

మా వైపు కన్సోల్ అంగట్లో కొన్నదై ఉండడం తక్కువ. బెంగుళూరులో ఉద్యోగం చేసే పిల్లలు తమకు పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5) కొనుక్కుని, పాత పీఎస్4ని పండక్కి తెచ్చి తమ్ముడికో అక్క కొడుక్కో ఇచ్చిపోతారు. ఇంట్లో ఉండేది హెచ్‌డీ రెడీ అని రాసి ఉన్న 32 అంగుళాల టీవీ. ఆ ప్యానెల్‌లో మామూలుగా అడ్డంగా 1366, నిలువుగా 768 పిక్సెళ్లు ఉంటాయి. కన్సోల్ పంపేది 1280×720 (720పి) గానీ 1920×1080 (1080పి) గానీ. రెండూ దానికి సరిగ్గా అతకవు. ఏది పంపినా టీవీ సాగదీయాలి, లేదంటే కుదించాలి. కాబట్టి చూడాల్సింది అంకె పెద్దదా చిన్నదా అని కాదు, బొమ్మ ఎన్నిసార్లు మారుతోందో చూడాలి.

పీఎస్4 ఆటలు చాలావరకు 1080పి లెక్కలో గీసినవి. 720పి పెడితే కన్సోల్ ఒకసారి కుదిస్తుంది, దాన్నే టీవీ మళ్లీ 768కి సాగదీస్తుంది. అక్షరాలు మసకబారేది అక్కడే. 1080పి పంపితే ఆ కుదించడమేదో ఒక్కసారితో అయిపోతుంది. అందుకని టీవీ ఒప్పుకుంటే ఈ జతకు 1080పి మేలు. ఇక్కడ మీ సలహా సరిపోయింది, ఒప్పుకుంటాను. కానీ అదే టీవీకి పీఎస్3 తగిలించినా, ఎక్స్‌బాక్స్ 360 తగిలించినా కథ మారిపోతుంది. 2005, 2006లలో వచ్చిన ఆ పెట్టెల్లో చాలా ఆటలు 720పి లోనో, అంతకన్నా తక్కువలోనో నడుస్తాయి. వాటికి 720పి చాలు.

అసలు చిక్కు 1080ఐ. కొన్ని పాత ప్యానెల్ టీవీలు 720పి, 1080ఐ ఈ రెండే తీసుకుంటాయి. పెద్ద అంకె పెట్టమంటే ఎవరైనా 1080ఐ పెడతారు. అందులో వచ్చేది పూర్తి బొమ్మ కాదు. ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు వస్తాయి, టీవీ వాటిని కలుపుకోవాలి. మన హెచ్‌డీ ఛానెళ్లు వచ్చేది ఆ పద్ధతిలోనే, చూడడానికి ఇబ్బంది ఉండదు. ఆడేటప్పుడు మాత్రం ఆ కలుపుకునే ఆలస్యం చేతికి తెలుస్తుంది. అడ్డంగా దూసుకుపోయే కారు అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు లేస్తాయి. అలాంటి టీవీలో గేముకు 720పి పెట్టుకోవాలి.

సంక్రాంతప్పుడు కొంగారెడ్డిపల్లె నుంచి ఒకమ్మ వచ్చింది. "టీవీ చెడిపోయిందన్నా, పిల్లోడు ఆడతా ఉంటే రన్లు కనపడ్డం లా" అంది. పోయి చూస్తే క్రికెట్ గేములో అడుగున స్కోరు పట్టీ సగానికి తెగిపోయి ఉంది. ఓవర్లు లేవు, బౌలర్ పేరు మొదటి అక్షరం లేదు. పిల్లవాడు 720, 1080 అటూ ఇటూ మార్చి మార్చి విసిగిపోయాడు. తప్పు రిజల్యూషన్‌ది కాదు. ట్యూబు టీవీల్లో బొమ్మ చివర్లు వంకరగా ఉండేవి కాబట్టి బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులను తెర చుట్టూ ఉండే చట్రం వెనక దాచేవాళ్లు. ప్యానెల్ టీవీలకు ఆ అవసరం లేదు, అలవాటు మాత్రం చాలా సెట్లలో అలాగే ఉండిపోయింది. నాలుగు వైపులా కొంచెం కోసి, మిగిలినదాన్ని సాగదీసి చూపిస్తాయి. పిక్చర్ సైజు మెనూలో దీన్ని ఆపేయొచ్చు. ఒక కంపెనీ స్క్రీన్ ఫిట్ అంటుంది, ఇంకొకటి జస్ట్ స్కాన్, మరొకటి డాట్ బై డాట్. అది మార్చగానే పట్టీ మొత్తం వచ్చింది, అక్షరాలు కూడా తేటపడ్డాయి. "ఇంతేనా మామా" అన్నాడు వాడు, నేనేదో దాచిపెట్టినట్టు. కూలి కింద అరిసెలు ముట్టినాయి.

ఇంకో రకం గిరాకీ కంట్రోలర్ పట్టుకొస్తుంది. బటన్ నొక్కితే బ్యాట్ ఆలస్యంగా లేస్తోందంటారు. కంట్రోలర్ బాగానే ఉంటుంది. బొమ్మను నున్నగా చూపించడానికి టీవీ మధ్యలో తనంతట తను ఫ్రేములు (ఒకదాని తర్వాత ఒకటి వచ్చే బొమ్మలు) కల్పిస్తూ కూర్చుంటుంది, ఆ లెక్క పూర్తయ్యేదాకా మన షాట్ ఆగాలి. గేమ్ మోడ్ పెడితే ఆ పనులన్నీ పక్కన పెట్టేస్తుంది. మీ అరపేజీలో గేమ్ మోడ్ అన్న మాటే లేదు. రిజల్యూషన్ ఏది పెట్టినా ముందు ఇది పెట్టాలి.

ఇక 4కె. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, 43, 55 అంగుళాలవి కొందామని అడిగేవాళ్లు పెరిగారు. మంచిదే. ప్యానెల్ నిజంగా 4కె అయితే, పీఎస్5 లాంటిది తగిలిస్తే, 3840×2160 పెట్టుకోవడమే సరి. కానీ బొమ్మలో తేడా తెలియాలంటే కూర్చునే దూరం కూడా చూడాలి. 43 అంగుళాల టీవీలో 1080పి పిక్సెళ్లు మామూలు చూపుకు దాదాపు ఐదున్నర అడుగుల దాకానే విడివిడిగా తెలుస్తాయి. 55 అంగుళాలకైతే ఏడు అడుగుల చిల్లర. మా ఊరి ఇళ్లల్లో టీవీ ఒక గోడకుంటే దివాన్ కాట్ ఎదుటి గోడకు ఉంటుంది. అక్కడ కూర్చుని 43 అంగుళాల టీవీలో 4కె తేడా పట్టేవాళ్లను నేను చూడలేదు.

ఫ్రేముల తేడా మాత్రం ఏ గోడ దగ్గర కూర్చున్నా తెలుస్తుంది. పీఎస్5 ఆటల్లో చాలావాటికి క్వాలిటీ, పెర్ఫార్మెన్స్ అని రెండు మోడ్‌లుంటాయి. క్వాలిటీలో పిక్సెళ్లు ఎక్కువ, తరచుగా సెకనుకు 30 ఫ్రేములే. పెర్ఫార్మెన్స్‌లో లోపల గీసే బొమ్మ కొంచెం తగ్గుతుంది, ఫ్రేములు 60 అవుతాయి. ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు నిలిచేది 17కు పడిపోతుంది. టీవీకి వెళ్లే సిగ్నల్ రెండిటిలోనూ 4కె అనే చూపిస్తుంది. క్రికెట్, ఫుట్‌బాల్, కార్ల రేసు ఆడేవాళ్లు పెర్ఫార్మెన్స్ పెట్టుకోండి. నెమ్మదిగా నడిచే కథల ఆటలైతే మీ ఇష్టం. ఇక సెట్టింగుల్లో 1080పికి, 4కెకి మధ్యలో ఉండే 1440పి ప్రధానంగా కంప్యూటర్ మానిటర్లకు పనికొచ్చేది, దాన్ని తీసుకోని టీవీలు చాలా ఉన్నాయి.

4కె టీవీ కొన్నా 30 ఫ్రేములే వస్తున్నాయని అడిగేవాళ్లు వైరు, పోర్టు చూసుకోవాలి. కన్సోల్‌ను టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ పాత 1.4 రకమైతే సెకనుకు 10.2 గిగాబిట్ల సమాచారమే పోతుంది, 4కె అక్కడ 30 ఫ్రేముల దగ్గర ఆగిపోతుంది. 60 కావాలంటే 18 గిగాబిట్లు పోయే 2.0 ఉండాలి. వెనక మూడు పోర్టులున్నా మూడూ ఒకటి కాకపోవచ్చు, పైగా కొన్ని టీవీల్లో 2.0 పోర్టుకు కూడా ఆ పూర్తి వేగాన్ని మెనూలో విడిగా ఆన్ చేయాలి.

సెట్టింగు మార్చాక తెర నల్లబడితే కంగారుపడి పెట్టె ఎత్తుకుని రావద్దు. పీఎస్4, పీఎస్5 అయితే పూర్తిగా ఆఫ్ చేసి, రెండో బీప్ వినిపించేదాకా పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌కు వైరు తగిలించి అక్కడే రిజల్యూషన్ మార్చుకోవచ్చు.

చివరిగా ఒకటి అడగాలి. 32 అంగుళాల పెట్టె మీద 4కె సపోర్ట్ అని పెద్దక్షరాలు వేసి, లోపల 768 గీతల ప్యానెల్ పెట్టిన సెట్లు నా బల్ల మీదికి వస్తుంటాయి. 4కె వీడియో ఫైలును చదవగలదు, అంతవరకే నిజం. చూపించలేదు. కొన్నాయన మాత్రం 4కె టీవీ కొన్నాననే అనుకుంటాడు, కన్సోల్‌లో ఆ అంకె కనపడకపోతే కన్సోల్‌ను తిడతాడు. పండగలకు మీ పత్రికలో ఫుల్ పేజీ టీవీ ప్రకటనలు వస్తాయి. అంగుళాలు పెద్ద అక్షరాల్లో, ఈఎంఐ అంతకన్నా పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ప్యానెల్‌లో పిక్సెళ్లెన్నో ఎక్కడా ఉండదు. ప్రకటన తీసుకునేటప్పుడే ఆ అంకె అడిగి వేయించండి, 1366×768 అని వేయడానికి చోటెంత కావాలి? వచ్చే ఆదివారం 1080ఐ విషయం కూడా సవరించి వేయగలరు.

ఇట్లు
ఒక టీవీ మెకానిక్
మిట్టూరు, చిత్తూరు