సింగరాయకొండ మెకానిక్ అన్నకు, ఆ పొగాకు రైతుకు కృతజ్ఞతలు

మా కేరవాన్‌లో నీళ్ల పంపు మొరాయించిన సాయంత్రం సింగరాయకొండలో ఆదుకున్నవాళ్ళందరికీ మా కుటుంబం తరఫున నమస్కారాలు. పేర్లు రాయడం లేదు. మెకానిక్ అన్నయితే "నంబరు మాత్రం పెట్టబాకండి సార్, ఇది పొలాలకు మందు కొట్టే సీజను, వచ్చే ఫోన్లే ఎత్తలేకపోతున్నా" అని ముందే చెప్పాడు.

నేనూ మా బావా కలిసి పాత వ్యాను ఒకటి కొని కేరవాన్‌గా కట్టించుకున్నాం. (కేరవాన్ అంటే సినిమా షూటింగేమో అని ఊరూరా పిల్లలు చుట్టూ మూగుతారు, అది వేరే కథ.) అమ్మకు మోకాళ్ళ నొప్పులు. లోపలే టాయిలెట్ ఉంటే తప్ప దూర ప్రయాణం చేయలేదు. ఆమె కోరిక మీదే నరసింహస్వామి గుళ్ళకు బయల్దేరాం: సింగరాయకొండ, మాలకొండ, ఆపైన పెంచలకోన. మాలకొండ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. మా పంపు ఆగింది శుక్రవారం సాయంత్రం. అందుకే అంత టెన్షన్.

స్విచ్ వేస్తే పంపు తిరుగుతోంది, శబ్దం వస్తోంది, ట్యాపులో మాత్రం చుక్క లేదు. ట్యాంకులో సగానికి తక్కువైనా నీళ్లున్నాయి. బండి కట్టినవాళ్ళకు ఫోన్ చేస్తే, చూడకుండానే "పంపు పోయుంటుంది, కొత్తది పంపిస్తాం, నాలుగైదు రోజులు పడుతుంది" అనేశారు.

టీ కొట్టు దగ్గర బండి ఆపుకుని ఈ గొడవలో ఉండగా, పక్కన టీ తాగుతున్న ఒక పొగాకు రైతు చెవి ఒగ్గి విని "ఇది మా మందు ట్యాంకు పంపు శబ్దమే గదా!" అన్నాడు. నిజమే. వీపుకు తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండేదీ, కేరవాన్‌లో ఉండేదీ ఒక జాతి పంపులే. రెండూ 12 వోల్టుల మీద నడుస్తాయి. లోపల డయాఫ్రమ్ అనే రబ్బరు పొర ఆడుతూ నీళ్లను లాగి నెడుతుంది. ట్యాపు కట్టేస్తే ప్రెషర్ పెరిగి, స్విచ్ దానంతటదే ఆపేస్తుంది. మా దానికి సైజూ ధరా ఎక్కువ, అంతే తేడా. ఆ రైతే కందుకూరు రోడ్డులో స్ప్రేయర్లు రిపేరు చేసే అన్నకు ఫోన్ కలిపాడు.

అన్న వచ్చీరాగానే పంపు విప్పలేదు. అది నాకు బాగా నచ్చింది. ముందు పంపు తిరుగుతుండగా మీటరు పెట్టి వోల్టేజీ చూసి, బ్యాటరీ బాగానే ఉందన్నాడు. తర్వాత ట్యాంకు నుంచి వచ్చే పైపును పంపు దగ్గర ఊడదీసి, అక్కడ కొత్త పైపు ముక్క తగిలించి రెండో కొస బకెట్‌లో ముంచాడు. కాసేపు గరగరమని, ఆ తర్వాత సింకులో నీళ్లు దబదబా పడ్డాయి. "పంపు రాయిలాగుంది. గాలి లాగతా ఉంది, అంతే" అన్నాడు.

మా ట్యాంకు బండి కింద, పంపు పైన సీటు కింద ఉంటాయి. ఈ రెంటి మధ్య పైపుకు సందు పడితే నీళ్లు బయటికి కారవు, గాలే లోపలికి పోతుంది. అందుకే ఎక్కడా తడి కనపడదు, లీకని అనుమానం రాదు. ట్యాంకు నిండుగా ఉంటే లాగాల్సిన ఎత్తు తక్కువ కాబట్టి ఎట్టాగో నెట్టుకొస్తుందట. ఒంగోలులో నింపుకున్నప్పుడు బాగా వచ్చి ఇక్కడ ఆగడానికి కారణం అదీ. పాత పైపు మళ్ళీ పంపుకు తగిలించి, బండి కిందకి దూరి, ట్యాంకు దగ్గర జాయింటును గుప్పిట్లో గట్టిగా బిగించి పట్టుకుని "ఇప్పుడు వేయండి" అని కేకేశాడు. నీళ్లు అందుకుని పంపు గొంతు మారి బరువుగా పలికింది. చూస్తే, అక్కడ క్లిప్పు కింద పైపు గట్టిపడి సన్నగా చిట్లి ఉంది.

తన దగ్గర వాడిన స్ప్రేయర్ పైపులు కట్టలుగా ఉన్నా ఒక్కటీ ముట్టలేదు. "పురుగుమందు తిరిగిన పైపమ్మా, నోట్లో పోసుకునే నీళ్లకు తగిలించకూడదు" అని అమ్మకు చెప్పి, కుర్రాడిని హార్డ్‌వేర్ షాపుకు పంపి కొత్త పైపు తెప్పించాడు. పంపు ముందు చిన్న జాలీ ఫిల్టర్ కూడా వేశాడు. బండి కట్టినవాళ్ళు అది పెట్టనేలేదు. ట్యాపులన్నీ వదిలి గాలి పోయేదాకా ఉంచి, కట్టేశాక పంపు గమ్మునైందో లేదో చాలాసేపు కూర్చుని విన్నాడు. ట్యాపు కట్టి ఉన్నా మధ్యమధ్యలో దానంతటదే మోగితే ఇంకెక్కడో లీకున్నట్టేనట.

సామానుకూ కూలికీ లెక్కకట్టి తీసుకున్నాడు, తీసుకోవాలి కూడా. హైవే మీద చిక్కిన బండి కదా అని ఒక్క రూపాయి ఎక్కువ వేయలేదు.

పని అయ్యేదాకా అమ్మను ఇంట్లో కూర్చోబెట్టుకున్న ఎదురింటి ఆవిడకు, ట్యాంకు నింపుకోమని కుళాయి వదిలిన టీ కొట్టు పెద్దాయనకు రుణపడి ఉంటాం. మర్నాడు మాలకొండలో అమ్మ దర్శనం హాయిగా జరిగింది.

ఆ పొగాకు రైతుకే సరిగ్గా చెప్పుకోలేకపోయాం. మేం బండి కింద తలలు పెట్టి చూస్తుండగా, మా టీ డబ్బులు కూడా ఆయనే కట్టేసి వెళ్ళిపోయారట. ఇది చదివి ఎవరైనా గుర్తుపడితే, మేం అడిగామని ఆయనకు చెప్పండి.