మీ ఇంటికి విలేకరులు వస్తున్నారు

తల్లిదండ్రులకు నమస్కారం.

మన బడి జర్నలిజం క్లబ్ పిల్లలు వార్తలు రాసి ప్రార్థన స్థలం పక్కన పెట్టిన గోడపత్రిక ముందు రోజూ పొద్దున్నే పిల్లలు గుమిగూడుతున్నారు. తమ పేరు చూసుకోవడానికి కొందరు, స్నేహితుడు ఏం రాశాడో చదవడానికి ఇంకొందరు. పాఠ్యపుస్తకం తప్ప ఇంకేదీ ముట్టని పిల్లలూ నిలబడి చదువుతున్నారు. క్లబ్ పెట్టింది ఇందుకే.

పరీక్షలో రాసిన జవాబును టీచర్ ఒక్కరే చదువుతారు. గోడ మీది వార్తను బడంతా చదువుతుంది, తప్పుంటే మధ్యాహ్నానికల్లా పట్టేస్తుంది. అందుకే పిల్లలు రాసింది మళ్లీ మళ్లీ చదివి దిద్దుకుంటున్నారు. మేం ఎన్నిసార్లు చెప్పినా రాని అలవాటు ఇది.

పోయిన సంచికకు ఏడో తరగతి అబ్బాయి ఒకడు ‘చేతులు కడుక్కునే చోట చాలా రోజులుగా నీళ్లు రావడం లేదు’ అని రాసిచ్చాడు. డెస్క్, అంటే వచ్చిన వార్తలను సరిదిద్దే పని, చూసే తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ కాగితం వెనక్కిచ్చి, ‘చాలా రోజులంటే ఎన్ని? ఎవరినడిగావు?’ అంది. వాడు అటెండర్‌నీ, వంట చేసే అమ్మలనీ, చివరికి నన్నూ అడిగాడు. మోటారు ఏ రోజు కాలింది, బాగు చేయించడానికి ఎందుకు ఆలస్యమైంది, అన్నీ కనుక్కుని మళ్లీ రాశాడు. నాలుగే వాక్యాలు, ప్రతిదానికీ ఆధారం ఉంది. ఫోన్‌లో వచ్చే ఫార్వర్డ్‌ను కూడా ఈ పిల్లలు రేపు ఇలాగే ప్రశ్నిస్తారని నా నమ్మకం.

క్లబ్‌లో సురవరం ప్రతాపరెడ్డి గారి గురించి చెప్పాను. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన ఆయన, తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు వాదనతో సరిపెట్టలేదు. ఊరూరి నుంచీ కవితలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. అది విన్నాక, మన ఊరి పెద్దల దగ్గర పాటలు, సామెతలు సేకరిస్తామని పిల్లలే ముందుకొచ్చారు.

కాబట్టి ఈ నెల మీ ఇంటికి నోటుబుక్కుతో ఒక విలేకరి రావచ్చు. పది నిమిషాలు కూర్చుని మాట్లాడండి. తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలు ఉంటే వాళ్ల దగ్గరికి పంపండి. వాక్యాలు మాత్రం మీరు చెప్పి రాయించొద్దు. అక్షరదోషాలున్నా అలాగే రానివ్వండి, వాటిని దిద్దుకోవడానికి ఇక్కడ డెస్క్ ఉంది. ఇంట్లో పాత పేపర్లుంటే కిలోల లెక్కన అమ్మేయకుండా కొన్ని బడికి పంపండి. హెడ్డింగులు పెట్టడం నేర్పడానికి మాకు కావాలి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు