గుంట ఇంటిని మరోచోటికి తరలించలేం

కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

శ్రీనగర్ దగ్గర, దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న బుర్జహోం గురించి ఈ లేఖ రాస్తున్నాను. క్రీ.పూ. 3000 ప్రాంతంలో అక్కడి మనుషులు మెట్ట నేలను తొలిచి, లోపల కాపురం పెట్టారు. ఆ గుంటలకు మూతి సన్నం, అడుగు వెడల్పు. అన్నింటిలో పెద్దది పైన 2.74 మీటర్లు, అడుగున 4.57 మీటర్లు, లోతు దాదాపు నాలుగు మీటర్లు. దిగడానికి మెట్లు చెక్కారు, గోడలకు మట్టి పూశారు, చుట్టూ గుంజలు పాతి కప్పు వేశారు. ఆ కప్పుకు వాడింది భూర్జ చెట్టు. మన పెద్దల తాళపత్రాల వంటి భూర్జపత్రం దాని బెరడే. ఊరి పేరులోనూ ఆ చెట్టే ఉంది.

మనుషుల సమాధుల్లో కుక్కలను కూడా పాతిపెట్టిన జనం వాళ్లు. జింకను వేటాడుతున్న ఇద్దరిని, పైన రెండు సూర్యబింబాల వంటి గుర్తులను ఒక రాతిపలకపై చెక్కారు. ఆ పలక ఫోటో చూపిస్తే నా తరగతిలో పిల్లలు గంట కొట్టినా లేవలేదు.

పురావస్తు శాఖ 1960 నుంచి 1971 వరకు తవ్వి ఇదంతా వెలికితీసింది. రక్షిత కట్టడంగా ప్రకటించింది. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరింది. అయితే ఈ ఇళ్లకు రాయి లేదు, ఇటుక లేదు. పాత సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి కరేవా మన్నే గోడ. వానకు, మంచుకు అది జారిపోతుంది. రైలు కట్టలకు, రోడ్లకు కాశ్మీర్ లోయలో ఇలాంటి ఎన్నో కరేవా మెట్టలను తవ్వి తరలించారు. చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ తవ్వకాలపై, నిర్మాణాలపై నిషేధం 100 మీటర్ల వరకే, ఆపైన 200 మీటర్లు నియంత్రణ. మెట్ట మొత్తాన్ని ఆ గీతలు కాపాడలేవు.

ఇంత గట్టిగా అడగడానికి కారణం ఉంది. మా నాగార్జునకొండలో కూడా నవీన శిలాయుగపు గుంట ఇళ్లు బయటపడ్డాయి. ఆనకట్ట కట్టేముందు కొన్ని ప్రాచీన కట్టడాలను రాయి రాయిగా విప్పి ద్వీపం మీద, అనుపులో మళ్లీ నిలబెట్టారు. గుంటను ఎలా విప్పుతాం? లోయ నీటిలో మునిగింది.

బుర్జహోంలో తెరిచిన ప్రతి గుంటపైనా గట్టి కప్పు వేయించండి. చుట్టూ ఉన్న కరేవాలో మన్ను తవ్వకాన్ని పూర్తిగా ఆపించండి. ఆ రాతిపలక నకలును, ఎముక సూదులను, బాణపు ములుకులను ఊరి పిల్లలు అక్కడే చూసేలా చిన్న ప్రదర్శనశాల కట్టించండి. కప్పుల పని మాత్రం వచ్చే మంచు పడకముందే మొదలుపెట్టించమని ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు చరిత్ర ఉపాధ్యాయుడు