నోరు విప్పని పిల్లలకు రాసే చోటివ్వండి

సంపాదకులు గారికి,

పాఠం అయ్యాక "అర్థమైందా?" అని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో "అర్థమైంది టీచర్" అంటుంది. "డౌట్లేమైనా ఉన్నాయా?" అంటే మాత్రం రోజూ లేచే ఆ నలుగురే లేస్తారు. మిగతావాళ్లు తలలు దించుకుంటారు. ఏమీ తోచక కాదు, తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం. ఇంగ్లిష్ మీడియం వచ్చాక అది ఇంకా ముదిరింది. మనసులో తెలుగులో పుట్టిన ప్రశ్నను ఇంగ్లిష్‌లో కూడబలుక్కునేలోపు బెల్లు కొట్టేస్తారు.

నేను విజయవాడలో ఒక హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. క్లాసు గోడకు ఒక చార్టు అంటించి, ఎవరైనా ఏదైనా రాయొచ్చు, ఏ భాషలోనైనా సరే, పేరు పెట్టకపోయినా పర్లేదు, తప్పులు దిద్దను అని పిల్లలకు చెప్పాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నగరాన్ని ముంచిన వరదల తర్వాత, అప్పుడు మునిగిన సింగ్‌నగర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి, క్లాసులో ఎన్నడూ నోరు విప్పనిది, అక్కడ ఇలా రాసింది: "కొల్లేరుకు పోవాల్సిన బుడమేరు మా ఇంట్లోకి ఎందుకొచ్చింది?"

మర్నాటికి దాని కింద జవాబులు మొదలయ్యాయి. కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినందుకేనని ఒకరు రాశారు. గేట్లెత్తితే నీళ్లు కిందికి పోవాలి కదా, సింగ్‌నగర్ ఎలా మునుగుతుందని ఇంకొకరు నిలదీశారు. ఆ వాదన తేల్చడానికి మ్యాపు పరిచి చూడాల్సి వచ్చింది. బుడమేరు నీటిని గేట్లతో అదుపుచేసే వెలగలేరు రెగ్యులేటరు, అక్కణ్ణుంచి బుడమేరు వరదను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ, ఆ సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణ ప్రవాహం, నదిలో కలిసే దారి లేక వెనక్కి తన్నిన కాలువ నీరు, తెగిన గట్లు... అన్నీ పిల్లలే ఒక్కొక్కటిగా పట్టుకున్నారు. నేను పక్కన నిలబడి మ్యాపులో చోట్లు చూపించానంతే. ఆ అమ్మాయి లేచి, నీళ్లు తమ వీధిలోకి ఏ వైపు నుంచి వచ్చాయో బోర్డు మీద గీసి చూపించింది.

ఇది నేను కనిపెట్టిన కొత్త పద్ధతేమీ కాదు. పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయం స్వేచ్ఛగా చెప్పేలా చదువు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ) పద్ధతి పెట్టినప్పుడు, చదువు సాగుతుండగానే చేసే ఫార్మేటివ్ మదింపులో రాతపని, ప్రాజెక్టు, స్లిప్ టెస్టులనే చిన్న రాత పరీక్షలతో పాటు పిల్లల భాగస్వామ్యానికీ మార్కులు కేటాయించారు. కానీ చాలాచోట్ల స్లిప్ టెస్టు ఒక్కటే నిజంగా జరిగేది. భాగస్వామ్యం మార్కులు స్లిప్ టెస్టు మార్కులు చూసి అందాజుగా వేసేస్తున్నారు. అంటే నోరు విప్పని పిల్ల క్లాసులోనూ, మార్కుల్లోనూ నష్టపోతుంది.

2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చారు, ఆ తర్వాత క్లాసు గదుల్లో పెద్ద డిజిటల్ ప్యానెళ్లు పెట్టారు. మంచిదే. అయితే వాటిలో పిల్లలు చూసేది ఎవరో చెప్పిన పాఠం. తాము రాసింది తోటిపిల్లలు చదివి జవాబిచ్చే ఏర్పాటు కావాలి. అందుకు చార్టు కాగితం చాలు, వంద పేజీల నోటు పుస్తకమైనా చాలు. ప్రైవేటు బడుల పరిస్థితి మరీ బాధ కలిగిస్తుంది. బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు పొడవునా ర్యాంకుల హోర్డింగులే. ఆరో తరగతి నుంచే ఐఐటీ, నీట్ లాంటి ప్రవేశ పరీక్షల కోసం ఫౌండేషన్ కోర్సులు. ప్రశ్న అడిగితే సిలబస్ వెనకబడుతుందని టెన్షన్.

విద్యాశాఖకు నా విన్నపం ఇది. వారానికి ఒక్క పీరియడ్ పిల్లల ప్రశ్నలకు, వాళ్ల రాతలకు టైంటేబుల్లోనే కేటాయించండి. దాన్ని రివిజన్‌కు వాడుకోకూడదని స్పష్టంగా ఉత్తర్వివ్వండి. భాగస్వామ్యం మార్కులు ఆ రాతల్ని చూసే వేయమనండి, అక్షర దోషాలకు కోత పెట్టొద్దనండి. పేరెంట్ టీచర్ మీటింగుల్లో ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఆ నోటు పుస్తకాన్నీ తల్లిదండ్రుల చేతిలో పెట్టమనండి. ప్రైవేటు బడులకూ ఇదే వర్తింపజేయండి.

- ఒక ఉపాధ్యాయురాలు, విజయవాడ