చెక్క కేబిన్ లారీల కొలతలు మీ పత్రికలో అచ్చువేయండి

గౌరవనీయులైన సంపాదకులకు,

వేసవి సెలవులు రాగానే పిల్లల పేజీల్లో అగ్గిపెట్టెలతో రైలు, అట్టముక్కలతో కారు చేసే విధానం వేస్తుంటారు. దానికి పై మెట్టు స్కేల్ మోడల్. అంటే అసలు బండి పొడవు, వెడల్పు, చక్రం, చివరికి నంబరు ప్లేటు కూడా ఒకే లెక్కన కుదించి కట్టడం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ పని నేర్చుకోదలచినవారికి మీ పత్రిక చేయగలిగిన సాయం ఒకటుంది. అదేమిటో చెప్పేముందు పని ఎలా సాగుతుందో, ఎక్కడ చెడుతుందో రాస్తున్నాం.

టామియా, రెవెల్, ఇటలేరి కంపెనీల 1:24 (అసలు బండిలో ఇరవై నాలుగో వంతు) కిట్లు దిగుమతి సరుకు. కస్టమ్స్ పట్టికలో 9503 శీర్షిక కింద పిల్లల బొమ్మలతో పాటు స్కేల్ మోడళ్లనూ చేర్చారు. అందుకే 2020లో బొమ్మల మీద సుంకం 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగినప్పుడు ఆ భారం వీటి మీదా పడింది. అంత డబ్బు పోసి తెప్పించినా పెట్టెలో ఉండేది విదేశీ బండే. టెక్కలి గ్రానైట్ మోసే పది టైర్ల లారీ గానీ, గరివిడి వైపు ఖనిజం తోలే లారీ గానీ ఆ పెట్టెల్లో రాదు. దాన్ని మనమే కట్టుకోవాలి. కావలసిన సరుకు చాలావరకు మన ఊళ్లలోనే దొరుకుతుంది.

లెక్క సులువు. అసలు కొలతను మిల్లీమీటర్లలోకి మార్చి 24తో భాగించడమే. అంబాసిడర్ కారు ఇరుసుల మధ్య దూరం 2464 మి.మీ., మోడల్‌లో 102.7. పొడవు 4325, మోడల్‌లో 180. వెడల్పు 1662, మోడల్‌లో 69. బజారులో కొన్న అంబాసిడర్ బొమ్మ ఏ స్కేలుదో పెట్టె మీద లేకపోతే ఈ మూడు అసలు కొలతలనూ బొమ్మ కొలతలతో భాగించి చూడండి. మూడింటికీ ఇంచుమించు ఒకే అంకె వస్తే అది స్కేలుకు చేసిన బొమ్మే. పొడవుకు 36, వెడల్పుకు 30 వచ్చిందంటే అది ఆడుకోవడానికే పనికొస్తుంది. ఎంత రంగు వేసినా, ఎన్ని మార్పులు చేసినా కంటికి పొట్టిగా, లావుగానే కనిపిస్తుంది.

లారీని టైరుతో మొదలుపెట్టాలి. చాలామంది కేబిన్‌తో మొదలుపెట్టి, చివర్లో చేతికి దొరికిన చక్రాలు బిగిస్తారు. మోడల్ పాడయ్యేది అక్కడే. టైరు పక్కన 10.00-20 అని ఉంటే దాని ఎత్తు సుమారు 1050 మి.మీ., మందం సుమారు 280. 1:24లో ఇవి 44, 12 అవుతాయి. ఫ్లెక్సీ బోర్డులు చేసేవాళ్ల దగ్గర మిగిలిపోయే 3 మి.మీ. సన్‌బోర్డు ముక్కలు చాలు. కంపాస్‌తో 46 మి.మీ. బిళ్లలు గీసి కోసి, నాలుగేసి అతికిస్తే 12 మి.మీ. మందం వస్తుంది. పది టైర్లకు నలభై బిళ్లలు, తప్పులకు నాలుగైదు ఎక్కువ. ఫెవికాల్ ఇక్కడ పనికిరాదు. అందులోని నీరు బయటికి పోయే దారి రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉండదు, వారమైనా లోపల పచ్చిగానే ఉంటుంది. ఫెవిక్విక్ చుక్కలుగా వేసి నొక్కాలి. ఆరాక నడిమధ్యన 4 మి.మీ. రంధ్రం చేసి, బోల్టూ నట్టూ బిగించి, ఆ బోల్టును డ్రిల్లులో పట్టించి నెమ్మదిగా తిప్పుతూ 120 నంబరు ఉప్పు కాగితం ఆనిస్తే గుండ్రంగా 44కు దిగుతుంది. వేగం పెంచితే సన్‌బోర్డు వేడికి కరిగి అంచు ముద్దకడుతుంది. గుండ్రని టైరు తయారయ్యాక అంచుల పదును తీసి, హెక్సా బ్లేడు ముక్కతో గాళ్లు గీయండి. వెనక జంట టైర్ల మధ్య ఒకటిన్నర మిల్లీమీటరు సందు వదలాలి. ఆ సందు లేకపోతే జంట టైర్లు ఒకే లావుపాటి రోలర్‌లా కనిపిస్తాయి.

ఛాసీ పట్టాలకూ ఇదే సన్‌బోర్డును 10 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోస్తే సరిపోతుంది. కేబిన్‌కు మాత్రం వాడకండి. మోడల్‌లో 3 మి.మీ. అంటే అసలు లారీలో 72 మి.మీ., కోటగోడంత మందం. కేబిన్‌కు 1 మి.మీ. పాలిస్టైరిన్ షీటు కావాలి. తొట్టి పలకలకు ఐస్ పుల్లలు వాడేవాళ్లూ ఇదే పొరపాటు చేస్తారు. రెండు మిల్లీమీటర్ల పుల్ల 48 మి.మీ. పలక అవుతుంది. అసలు పలక 25 మి.మీ. ఉంటుందనుకుంటే పుల్లను ఒక మిల్లీమీటరుకు అరగదీయాలి. నిలువు గుంజలకు అగ్గిపుల్లలు అచ్చంగా సరిపోతాయి. తొట్టి వెడల్పు ఎంత పెట్టినా 108 మి.మీ. దాటనీయకండి. మన దేశంలో మోటారు వాహనం వెడల్పు 2.6 మీటర్లు మించరాదని నిబంధన.

ఇక రంగు. సముద్రం పక్కనున్న మన జిల్లాల్లో ఎక్కువ మోడళ్లు చెడేది ఇక్కడే. స్ప్రే వేసిన పావుగంటకు నిగనిగలాడాల్సిన ఎరుపు మీద తెల్లటి పొర బూజులా లేస్తుంది. డబ్బా నాసిరకమనుకుని ఇంకోటి కొంటారు, దానికీ అదే గతి. తప్పు డబ్బాది కాదు, గాలిలోని తేమది. థిన్నర్ ఆవిరవుతూ రంగు పొరలోని వేడిని లాక్కుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడే తీరే ఇది. పొర చల్లబడగానే గాలిలోని తేమ దాని మీద మంచులా దిగి, ఆరాక తెల్లగా మిగిలిపోతుంది. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొని దగ్గర పెట్టుకోండి. 70 శాతం దాటితే స్ప్రే ముట్టుకోవద్దు. శ్రావణ భాద్రపదాల్లో కోతలు, అతుకులు పెట్టుకుని రంగు పని దాచుకోవడం మేలు. చలికాలంలో మంచు విడిచి, ఎండ బాగా ఎక్కాక వేయాలి. అయినా తెలుపెక్కితే గీకకండి. కార్లకు రంగులు వేసే షాపుల సరుకు అమ్మేచోట రిటార్డర్ థిన్నర్ (నెమ్మదిగా ఆరే థిన్నర్) అడిగి తెచ్చి, పొడి రోజు చూసి దూరం నుంచి పలచగా ఒక్క పొర కొడితే పొర మళ్లీ మెత్తబడి, తేమ నెమ్మదిగా పోయి, అసలు రంగు తేలుతుంది.

మే నెలలో దీనికి ఎదురు కష్టం. రంగు తుంపర గాలిలోనే ఆరిపోయి మోడల్ మీద ఇసుకలా పడుతుంది. అప్పుడు డబ్బాకూ మోడల్‌కూ మధ్య ఉంచే 20 సెం.మీ. దూరాన్ని 15కి తగ్గించాలి. ఏ కాలమైనా క్రమం మారదు. ముందు పాత్రల సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. చేతి జిడ్డు, కిట్ ముక్కలైతే అచ్చులోంచి విడిపోవడానికి రాసిన జిడ్డు పోకపోతే రంగు మాస్కింగ్ టేపుతో పాటు ఊడి వస్తుంది. అతుకుల్లో లప్పం ఒకేసారి మందంగా పెడితే థిన్నర్ పోయేకొద్దీ కుంగుతుంది. పలచగా రెండుసార్లు, మధ్యలో ఒక రోజు ఆగి పెట్టండి. 400 తర్వాత 800 నంబరు వాటర్ పేపర్, బూడిద రంగు సర్ఫేసర్ (రంగుకు ముందు వేసే పునాది పూత), మళ్లీ 1000. ఆపైన రంగు రెండు పొరలు మంచు తుంపరలా, రెండు పొరలు తడిగా, పొరకూ పొరకూ పది పదిహేను నిమిషాల విరామం. పాలిస్టైరిన్ మీద సర్ఫేసర్ లేకుండా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు దట్టంగా కొడితే ప్లాస్టిక్కే చిట్లి, ఎండిన చెరువు నేలలా నెర్రెలు కనిపిస్తాయి. దానికి మందు లేదు, ఆ ముక్క కొత్తగా చేసుకోవాల్సిందే. రంగు మాత్రమే చెడితే మెకానిక్ షాపులో దొరికే బ్రేక్ ఆయిల్‌లో ఒక రోజు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలావరకు వస్తుంది. చేతికి గ్లౌజులు తప్పనిసరి. కార్లకు వాడే టూకే క్లియర్ (హార్డనర్ కలిపి కొట్టే రంగులేని మెరుపు పూత) పిల్లల చేతికి అసలు ఇవ్వకండి. దాని హార్డనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు చేటు, మామూలు గుడ్డ మాస్కు ఆపలేదు. పిల్లలకు నీటితో కలిపే అక్రిలిక్, మంచి కుంచె చాలు.

అద్దాలను ఫెవిక్విక్‌తో అతికించకండి, దాని ఆవిరికి తెల్లగా మసకబారతాయి. అక్కడ మాత్రం ఫెవికాలే సరైనది, ఆరాక కనిపించదు కూడా.

లారీ మనదనిపించేది చివరి మెరుగుల్లోనే. శ్రీకాకుళం బండికి ఏపీ 30, విజయనగరం బండికి ఏపీ 35, పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది, కాబట్టి బండి వయసు చూసుకుని రాయాలి. రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు, వెడల్పు 2 మి.మీ. డెకాల్ కాగితం (నీళ్లలో ముంచి బొమ్మను మోడల్ మీదికి జార్చే కాగితం) మీద ఇంక్‌జెట్‌తో అచ్చు వేస్తే క్లియర్ రెండు మూడు పొరలు కొట్టకుండా నీళ్లలో ముంచకండి, సిరా కరిగిపోతుంది. ఆ ప్రింటర్ తెలుపు అచ్చు వేయదు, అందుకని ముదురు రంగు తొట్టి మీద పువ్వులు మాయమవుతాయి. వాటి కింద ముందే తెల్ల రంగు మచ్చ వేసుకోవాలి.

సరుకు కూడా స్కేలుకే ఉండాలి. 50 కిలోల గోనె సంచి 94 సెం.మీ. పొడవు, 57 వెడల్పు. మోడల్‌లో 39, 24 మి.మీ. పాత పంచె గుడ్డను టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి కుడితే గోనె రంగు వస్తుంది. లోపల నూక పోస్తే చీమలు పడతాయి, రంపపు పొట్టు నింపండి. గ్రానైట్ దిమ్మ 2.4 మీటర్ల పొడవు, 1.2 వెడల్పు, 1.2 ఎత్తు అనుకుంటే మోడల్‌లో 100, 50, 50 మి.మీ. థర్మకోల్‌తో చేయొచ్చు. కానీ దాని మీద స్ప్రే పడిన క్షణంలో గుంటలు పడి కరిగిపోతుంది. ముందు ఫెవికాల్ మూడు పూతలు పూసి పూర్తిగా ఆరనివ్వాలి. అసలు దిమ్మ బరువు 9 టన్నుల పైమాటే. అంత బరువు ఎక్కిన లారీకి కమాన్లు చదునుగా దిగి ఉండాలి, టైర్ల అడుగు అర మిల్లీమీటరు అరగదీయాలి. ఖాళీ లారీలా నిటారుగా నిలబడితే దిమ్మ థర్మకోల్‌దని ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు మా విన్నపం. ఇంత కష్టపడి కట్టడానికి అసలు కొలతలు కావాలి కదా. కారు కొలతలు కంపెనీ కాగితాల్లో ఉంటాయి. షెడ్లలో వడ్రంగులు చేతితో కట్టిన చెక్క కేబిన్లకు ఏ కాగితమూ లేదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల కేబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. ఫ్యాక్టరీలో తయారైన కేబిన్లే ఇక ఎక్కువగా వస్తాయి. జాతీయ రహదారి మీద ఇంకా తిరుగుతున్న పాత లారీలు తుక్కుకు వెళ్లేలోగానే వాటిని కొలవాలి. డ్రైవరును అడిగి, బండి ఆగి ఉన్నప్పుడు ఇరుసుల మధ్య దూరం, నేల నుంచి ఛాసీ ఎత్తు, కేబిన్ ఎత్తు, వెడల్పు, తలుపు, అద్దం, తొట్టి పలకల సంఖ్య, మందం రాసుకుంటే చాలు, పావుగంట పని. ఫొటో దగ్గర నుంచి తీస్తే ముందు భాగం ఉబ్బి కొలత తప్పుతుంది. పదిహేను ఇరవై మీటర్లు వెనక్కి జరిగి, జూమ్ చేసి, బండికి ఒక మీటరు బద్దను ఆనించి తీయాలి.

పాఠకులు ఇలా పంపిన కొలతల్లోంచి నెలకొక లారీ బొమ్మ, పక్క, ముందు, వెనక చూపులతో ఆదివారం సంచికలో వేయండి. 1:24లో వేస్తే తొమ్మిది మీటర్ల లారీ 375 మి.మీ. అవుతుంది, పేజీ అడ్డానికి పట్టదు. 1:48లో 188 మి.మీ., హాయిగా పడుతుంది. పిల్లలు జిరాక్స్ షాపులో 200 శాతానికి పెంచుకుంటారు. బొమ్మ కింద సరిగ్గా 5 సెంటీమీటర్ల గీత ఒకటి తప్పక వేయించండి. అచ్చులో గానీ, జిరాక్స్‌లో గానీ కాస్త సాగినా, కుంచించుకున్నా ఆ గీతను స్కేలుతో కొలిస్తే తెలిసిపోతుంది. పెంచిన కాగితంలో అది 10 సెంటీమీటర్లు ఉండాలి.

– కొందరు స్కేల్ మోడల్ తయారీదారులు,
విజయనగరం